నవజాత శిశువు - మూత్రపిండ రక్షణ

శిశువు పుట్టిన క్షణంలో ఇంటివారందరు ఆలకించేది ఏడుపు. బిడ్డ ఏడ్చినదా, ఊపిరి తీసినదా, పాలు త్రాగినదా అని విచారిస్తారు. "మూత్రం పోసినదా?" అన్న ప్రశ్న పురిటింటి పెద్దామె నోటినుండి తప్ప సాధారణంగా వెలువడదు. పుట్టుకతోనే అవయవలోపం కలిగి, ప్రాణాపాయ స్థితిలో ఉన్న శిశువు విషయంలో ఆ పెద్దామె ప్రశ్న ఎంతో విలువైనది. ఆ సంగతిని విశదపరచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మూత్రపిండాన్ని ఉర్దూలో గుర్దా అంటారు. ఆ భాషలో 'దిల్ గుర్దా' అంటే గుండె దిటవు అని అర్థం. పేరుకు తగినట్లే ఈ అవయవం కష్టాన్ని మూగగా భరిస్తుంది. మన విశాఖ నౌకాశ్రయం 1933లో ప్రారంభమైనది. సముద్రం మోసుకొనివచ్చే ఇసుకను అక్కడ డ్రెడ్జర్లతో ఎప్పటికప్పుడు తొలగించవలసినదే. ఆ పని సాగినంత కాలం దాని ఊసు ఎవరికీ పట్టదు. ఆగిపోతే పెద్ద ఓడలు రేవులోనికి రాలేవు. రక్తంలోని మలినాలను, అదనపు నీటిని, లవణాలను తొలగించే మూత్రపిండాల పని కూడ అట్టిదే. ఒక్కొక్క మూత్రపిండంలో సగటున 10 లక్షల సూక్ష్మమైన వడపోత గొట్టాలు ఉంటాయి. వీటిని నెఫ్రానులు అంటారు. తల్లి గర్భంలో సుమారు 36 వారాలు నిండేసరికి వీటి నిర్మాణం ముగుస్తుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఆ తరువాత క్రొత్తవి ఏర్పడవు. కనుక తొలి రోజులలో వాటికి కలిగిన నష్టం జీవితాంతం లోటుగా మిగిలిపోవచ్చును.

ఉత్తరాంధ్ర వాసులకు మూత్రపిండ వ్యాధి అనగానే శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం స్ఫురిస్తుంది. అక్కడి వ్యాధి పెద్దవారిని సంవత్సరాల తరబడి క్రమంగా క్షీణింపజేసేది. నవజాత శిశువులలో మనం చెప్పుకొనే హాని గంటలలో, రోజులలో కలిగేది. రెండింటి కారణాలు వేరు.

ఉదాహరణకు ఒక జన్మలోపాన్ని తీసుకొందాము. రొమ్మును, కడుపును వేరుచేసే కండరపు తెరను ఉదరవితానం అంటారు. సుమారు మూడు వేల శిశువులలో ఒకరికి ఈ తెరలో రంధ్రం మిగిలిపోతుంది. ఎక్కువగా అది ఎడమవైపున ఉంటుంది. ఆ రంధ్రం గుండా ప్రేగులు, జీర్ణాశయం రొమ్ములోనికి చొచ్చుకొనిపోయి, ఊపిరితిత్తులను గర్భంలోనే ఎదగనీయవు. పుట్టగానే బిడ్డకు శ్వాస అందదు. శరీరం నీలివర్ణమవుతుంది. వెంటనే శస్త్రచికిత్స చేయడమే మార్గమని పూర్వం భావించేవారు. నేడు మొదట శ్వాసను, రక్తప్రసరణను కుదుటపరచి, పిమ్మట రంధ్రాన్ని మూసివేస్తున్నారు.

ఇక్కడ లోపం ఉదరవితానంలో ఉన్నది, కష్టం ఊపిరితిత్తులకు వచ్చినది. మూత్రపిండాలకు హాని ఎట్లు కలుగుతుంది? మొదటిది, రక్తంలో ప్రాణవాయువు కొరవడినపుడు శరీరం గుండెను, మెదడును కాపాడుకొనడానికి మూత్రపిండాలకు పోయే రక్తాన్ని తగ్గిస్తుంది. రెండవది, గుండె బలహీనపడి రక్తపోటు పడిపోతే వడపోత కుంటుపడుతుంది. మూడవది, శ్వాసయంత్రం అధిక పీడనంతో పనిచేయవలసి వస్తే గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గుతుంది. నాలుగవది, శస్త్రచికిత్సలో ప్రేగులను తిరిగి కడుపులో అమర్చినపుడు, ఇరుకైన ఆ చిన్న కడుపులో ఒత్తిడి పెరిగి మూత్రపిండాల రక్తనాళాలు నలుగవచ్చును. ఇక రక్తం విషపూరితమైనపుడు వాడక తప్పని జెంటామైసిన్, అమికాసిన్ వంటి మందులు సైతం మూత్రపిండాలకు భారమే.

దీనిని గుర్తించడం అంత సులభం కాదు. రక్తంలో క్రియాటినిన్ అనే పదార్థం పెరిగితే హాని జరిగినట్లు భావిస్తారు. కాని పుట్టిన తొలి రోజులలో బిడ్డ రక్తంలోని క్రియాటినిన్ చాలవరకు తల్లిదే. అందువలన ఒక్క పరీక్షతో నిర్ణయించక, మళ్ళీ మళ్ళీ పరీక్షించి, తగ్గవలసినది పెరుగుతున్నదా అని చూస్తారు. రెండవ కొలత మూత్రం. కిలో బరువుకు గంటకు ఒక మిల్లీలీటరు కంటే తగ్గితే అనుమానించాలి. మూడు కిలోల బిడ్డకు ఇది రోజుకు 72 మిల్లీలీటర్లు, అనగా ఒక చిన్న టీ గ్లాసెడు. తడిసిన గుడ్డను తూచి, పొడిగుడ్డ బరువును తీసివేసి నర్సు ఈ లెక్క వ్రాస్తుంది. చూడడానికి అల్పమైన ఈ పని బిడ్డ ప్రాణానికి కాపలా.

2017లో ప్రచురితమైన 'అవేకెన్' అధ్యయనంలో మన దేశంతో సహా నాలుగు దేశాలలోని 24 ఆసుపత్రులు పాల్గొన్నవి. వివిధ కారణాలతో అత్యవసర విభాగాలలో చేరిన 2022 మంది శిశువులలో 605 మందికి మూత్రపిండ హాని కలిగినట్లు తేలినది. హాని కలిగినవారిలో నూటికి పది మంది, కలుగనివారిలో నూటికి ఒకరు మరణించారు. వ్యాధి తీవ్రత కూడ ఈ తేడాకు కొంత కారణం కావచ్చును. అయినను ఈ అంకెలు ఉపేక్షింపదగినవి కావు.

దెబ్బతిన్న మూత్రపిండాన్ని తక్షణం బాగుచేసే మందు లేదు. రక్తపోటును నిలబెట్టడం, నీటిని ఆచితూచి ఇవ్వడం, మందుల మోతాదును సరిచూడడం, ఇవే ముఖ్యోపాయాలు. శిశువులకు కడుపులో ద్రవం నింపి చేసే డయాలిసిస్ కలదు. కాని అప్పుడే కుట్టిన ఉదరవితానాన్ని ఆ ద్రవం పైకి నెట్టుతుంది కనుక ఈ బిడ్డలకు అది కష్టసాధ్యం. కావున హాని కలుగకుండ చూచుకొనడమే మేలు.

1923లో స్థాపితమైన ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధమైన మన కింగ్ జార్జి ఆసుపత్రికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనుండి, పాడేరు, అరకు మన్యంనుండి, దక్షిణ ఒడిశానుండి రోగులు వస్తారు. ఘాట్ రోడ్డుపై గంటల ప్రయాణంలో చలికి వణికి, ప్రాణవాయువు చాలక నీలివర్ణమైన బిడ్డకు, ఆసుపత్రి గుమ్మం చేరక ముందే మూత్రపిండాలకు దెబ్బ తగులవచ్చును. గర్భం 18 నుండి 20 వారాల మధ్య స్కానింగ్ చేయిస్తే ఈ లోపం చాలమందిలో ముందే కనిపిస్తుంది. అప్పుడు ప్రసవమే పెద్దాసుపత్రిలో జరిగే ఏర్పాటు చేసుకొనవచ్చును. పుట్టబోయే బిడ్డకు ఇంతకంటె మంచి ప్రయాణసాధనం తల్లి గర్భమే.

బిడ్డ ఇల్లు చేరినంతమాత్రాన బాధ్యత తీరదు. కుట్టు మానినది, ఊపిరి కుదిరినది అని సంతోషించి ఆసుపత్రి కాగితాన్ని పారవేయడం మన ఇండ్లలో తరచు జరిగేదే. మూత్రపిండ హాని కలిగినట్లు ఆ కాగితంలో ఉంటే దానిని భద్రపరచాలి. వైద్యులు చెప్పిన గడువులలో రక్తపోటును, మూత్రంలో మాంసకృత్తులను పరీక్షింపజేయాలి. ఏ మందు ఇచ్చేముందైనా, ముఖ్యంగా నొప్పి మాత్రలకు ముందు, ఈ సంగతి వైద్యునికి తెలుపాలి.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో కొందరు వైద్యులు, నర్సులు కావచ్చును. అందరును అన్నలు, అక్కలు, తల్లిదండ్రులు అవుతారు. మీ వాడలో గర్భిణీ స్త్రీ ఉంటే స్కానింగ్ సంగతి గుర్తుచేయండి. ఆసుపత్రి కాగితం చదువలేని తల్లికి చదివి వినిపించండి. మీ చదువు ఒక పసిబిడ్డకు ఉపకరించే తొలి అవకాశం అదే కావచ్చును.