పాత బైసికిలు చట్రము ఏ లోహముది?

మన గుమ్మలక్ష్మీపురపు కొండదారులలో పాత బైసికిలు నెక్కు బాలురు బ్రేకు పట్టునో లేదో చూతురు గాని, చట్రము దేనితో చేయబడినదని విచారింపరు. చట్రమున బీట కనబడిన దినమున ఆ విచారము తప్పదు. దానిని వేడి చేసి అతుకవచ్చునో, అతుకరాదో లోహమును బట్టి యుండును. తప్పుగా అతికిన గొట్టము పల్లమున విరిగినచో ప్రాణాపాయమే.

మొదట సూదంటురాయిని తాకించి చూడవలెను. రంగుపూత దాని కడ్డు కాదు. అంటినచో ఉక్కు, అంటనిచో, చవుక బండ్లలో, ఇంచుమించుగా అల్యూమినియమే. ముందరి ఫోర్కును వేరుగా పరీక్షింపవలెను. అల్యూమినియపు చట్రమునకు ఉక్కు ఫోర్కు తగిలించుట వాడుక. వానలకు ఉక్కు ఎర్రగా తుప్పుపట్టును. అల్యూమినియముపై తెల్లని పొడి లేచును.

అయితే ఉక్కులన్నియు నొక్కటి కావు. సాధారణపు ఉక్కునకును, క్రోమియము, మాలిబ్డినము కలిపిన గట్టి ఉక్కునకును సూదంటురాయి భేదము చూపదు. రెండును నీటికంటె సుమారు 7.8 రెట్లు బరువైనవే. గట్టి ఉక్కును పలుచని గొట్టముగా చేయవచ్చును. తేలికదన మచ్చటనుండి వచ్చును. ఇంగ్లండులో రేనాల్డ్సు అను నతడు 1897లో కొనలయందు మందముగను నడుమ పలుచగను ఉండు గొట్టమునకు పేటెంటు పొందెను. ఆ పేరిటి కంపెనీ 1935లో మాంగనీసు, మాలిబ్డినము గల 531 అను గొట్టమును వెలువరించెను.

కావున సీటు కడ్డీని పైకి లాగి కొలువుడు. సీటు గొట్టపు వెలుపలి కొలత సామాన్యముగా 28.6 మిల్లీమీటర్లు. అందు 27.2 మిల్లీమీటర్ల కడ్డీ పట్టినచో గొట్టము పలుచనిది, మేలైన ఉక్కు కావచ్చును, 25.4 మాత్రమే పట్టినచో మందపు గొట్టము, చవుక ఉక్కు. గొట్టములోనికి వ్రేలు పోనిచ్చినప్పుడు నిలువున అతుకు గీత తగిలిన నది రేకును చుట్టి చేసినది. చట్రముపై చీటీ యున్నచో అక్షరమక్షరము చదువుడు. పెక్కు చవుక పందెపు బండ్లలో మేలిరకపు ఉక్కు మూడు పెద్ద గొట్టములకే పరిమితము.

మన నల్లని బరువు బండ్లను, అనగా 1949లో మద్రాసున నెలకొన్న టి.ఐ. సైకిల్సు, 1956లో లూధియానాలో నెలకొన్న హీరో మున్నగువారు చేసినవానిని, కొందరు చులకన చేయుదురు. మేమట్లు తలపము. సాధారణపు ఉక్కు గొట్టము మందముగా నుండుటచే ఇత్తడితో అతుకు వేడిమికి ఓర్చుకొనును. పల్లెలోని పనివాడును బాగుచేయగలడు. పలుచని గొట్టమున కదే మంట ఎక్కువైన చిల్లు పడును.

అల్యూమినియము సంగతి వేరు. శుద్ధమైనది 660 డిగ్రీలకు కరగును. ఉక్కువలె ఎర్రబడి ముందుగా హెచ్చరింపదు. వేడిచేసి బిగువు తెచ్చిన మిశ్రలోహమైనచో అతుకు ప్రక్కనే ఆ బిగువు పోవును. అట్టి చట్రము పగిలినప్పుడు చక్రములు, బ్రేకులు, గొలుసు విప్పి దాచుకొని, చట్రమును పాతసామానువాని కిచ్చివేయవలెను.