చిలకా మీద ఒక పూట

బరంపురంలో తరతరాలుగా ఉంటున్న మన తెలుగువారిని, చిలకా సరస్సు ఎన్నిసార్లు చూశారని అడిగితే చాలామంది నవ్వి ఊరుకుంటారు. చుట్టాలొస్తే తీసుకుపోయి చూపిస్తాం. చలికాలంలో పక్షులు దిగాయని పత్రికలో చదువుతాం. మనకోసమని మనం వెళ్ళిన సందర్భాలు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మేమైనా నాలుగైదుసార్లు చూశాం గాని, మా శ్రీమతి ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఒక్కనాడూ పడవ ఎక్కలేదు. పిల్లల పరీక్షలూ, అత్తగారి మందులూ, వచ్చినవాళ్ళ భోజనాలూ కొంత కారణం. కాళీజాయి కథ మరికొంత.

ఆ కథ ఎరగనివారికి రెండు ముక్కల్లో చెబుతాం. జాయి అనే పిల్లను పెళ్ళికోసం తండ్రి పడవమీద పారికుడ్‌కు తీసుకువెళుతుంటే గాలివాన వచ్చి పడవ తిరగబడిందట. పిల్ల ఒక్కతే దొరకలేదట. ఆమే కాళితో కలిసి కాళీజాయిగా ద్వీపంమీద వెలసిందని పడవవాళ్ళ నమ్మకం. మకర సంక్రాంతికి అక్కడ పెద్ద జాతర. మా శ్రీమతికి చిన్నప్పుడు వాళ్ళ మామ్మ అన్నం కలిపి పెడుతూ ఈ కథ చెప్పేదట. అన్నం సంగతేమో గాని, భయం బాగా ఒంటబట్టింది.

ఈ ఏడు వేసవి మొదట్లో పూనా నుంచి మా అబ్బాయి ఫోను చేశాడు. ఇల్లు అమ్మేసి వాళ్ళ దగ్గరికి వచ్చేయమన్నాడు. వాడన్నదాంట్లో తప్పేమీ లేదు, వయసు మీదపడుతున్నది నిజమే. మా శ్రీమతి ఔననలేదు, కాదనలేదు. నాలుగు రోజులు పెరట్లో కరివేపాకు చెట్టుకు నీళ్ళు పోస్తూ గడిపి, అయిదోనాటి రాత్రి, “ఏమండీ, పోయేముందు ఒక్కసారి చిలకా చూసిపోదామా?” అంది. ఆ ‘పోయేముందు’ అన్న మాట మాకు చివుక్కుమంది. ఏమీ అనలేదు. మర్నాడు తెల్లవారకుండానే ఇద్దరం పొద్దుటి రైలెక్కాం. పులిహోర, పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ, రెండు సీసాల మంచినీళ్ళు, ఒక గొడుగు సామాను.

ఛత్రపురం దాటాక గాలి మారుతుంది. మొగలిపొదలు, తాటిచెట్లు, ఆ వెనక హుమ్మ దగ్గర ఉప్పుమళ్ళు. పొద్దుటి ఎండలో ఉప్పు కుప్పలు సున్నం కొట్టిన చిన్నచిన్న ఇళ్ళలా కనిపించాయి. రంభలో దిగేసరికి ఎండ ఇంకా ముదరలేదు. ఊరిని ఆనుకునే నీళ్ళు, నీళ్ళ చుట్టూ కొండలు. ఇక్కడి రాజభవనాన్ని పద్ధెనిమిదో శతాబ్దం చివర్లో స్నాడ్‌గ్రాస్ అనే కంపెనీవారి కలెక్టరు కట్టించాడు. తరువాత అది ఖల్లికోట రాజుల చేతికి వచ్చింది.

పడవ మాట్లాడేటప్పుడు మా శ్రీమతి ఒడియాలో మొదలుపెట్టింది. పడవతను ఆవిడ కట్టు, బొట్టు చూసి తెలుగులో జవాబిచ్చాడు. నోళియాలు అని ఇక్కడివాళ్ళు పిలిచే మన తెలుగు బెస్తలు ఈ తీరంలో ఎప్పటినుంచో ఉన్నవాళ్ళే. “ఎక్కండమ్మా, నడుం లోతు నీళ్ళే. పన్నెండులోపు గట్టెక్కీయాల, తరవాత దక్షిణపు గాలి లెగుస్తాది” అన్నాడు. నడుం లోతు అన్న మాటకే ఆవిడ ఎక్కింది గాని, పది బారలు పోయాక నేల కనిపించకపోయేసరికి మా మోచెయ్యి పట్టుకుంది. పట్టుకున్నది రంభ తీరం వెనకబడేదాకా వదల్లేదు. ఇంతలో గొడుగు విప్పింది. పడవ పక్కకు ఒరిగింది. “ముయ్యండమ్మా, అది తెరసాపై పోతాది” అని అతను కేకవేశాడు. కొంగు నెత్తిన కప్పుకుని, ఆ తరువాత గొడుగు జోలికి పోలేదు.

నీళ్ళమధ్య ఒక బండమీద కోసుగా ఒక స్తంభం ఉంది. పైన దీపం పెట్టడానికి స్నాడ్‌గ్రాసే కట్టించాడు. దాని దగ్గర అతను మోటారు ఆపి గెడ వేశాడు. మోటారు చప్పుడు ఆగాక చిలకా ఎంత పెద్దదో చెవులకు తెలిసింది. నీరు పడవ అంచుకు తగిలే చప్పుడు తప్ప మరొకటి లేదు. మా శ్రీమతి చెయ్యి నీటిలో ముంచి నాలుకకు రాసుకుని, “సముద్రమంత ఉప్పగా లేదు, చారులో ఉప్పు ఎక్కువైనట్టుంది” అంది.

ఆ మాట వంటింటిదైనా సరిగ్గా సరిపోయింది. వానల్లో మహానది పాయలైన దయా, భార్గవి వంటివి ఉత్తరపు వైపు మంచినీరు తెచ్చి పోస్తాయి. వేసవిలో నదులు తగ్గి సముద్రపు పోటు పైచెయ్యి అవుతుంది. రంభ నదులకూ, సముద్రపు మొగకూ దూరం గనుక ఇక్కడ ఈ తేడా అంతగా ఉండదు. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటే సరస్సు వేసవికి 900 దాకా చిక్కిపోతుంది. పాత మొగ ఇసుకతో పూడిపోయి చేపలు తగ్గిపోతే, 2000 సంవత్సరం సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. “దాంతోనే మళ్ళీ పీతలొచ్చినాయి, రొయ్యలొచ్చినాయి” అని పడవతను చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహంలో వెలుగు చూడవలసిందే.

బర్కుడా ద్వీపం చూపించాడు. 1917లో అనెండేల్ అనే జంతుశాస్త్రజ్ఞుడు అక్కడ కాళ్ళు లేని బల్లిజాతి ప్రాణి ఒకటి ఉన్నదని లోకానికి తెలియజెప్పాడు. చూస్తే పామనిపిస్తుంది. మట్టిలో దూరి బతుకుతుంది. ఈ సంగతి చెబితే మా శ్రీమతి కాసేపు ద్వీపం వంక చూసి, “అదృష్టవంతురాలు. కాళ్ళు లేవు గనుక ఎక్కడికీ రమ్మని ఎవరూ పిలవరు” అంది.

పులిహోర పొట్లాలు అక్కడే విప్పాం. పడవతనికి ఒక పొట్లం ఇస్తే వద్దంటూనే తీసుకున్నాడు. తింటూ మాట్లాడుకున్నాం. పూనాలో ఇల్లు ఎనిమిదో అంతస్తు. మనవడు మంచివాడు, తెలుగు అర్థమవుతుంది గాని బదులు ఇంగ్లీషులో చెబుతాడు. ఇక్కడ 1936లో గంజాం ఒరిస్సాలో కలిసినప్పుడు మా తాతగారిని విశాఖపట్నం వచ్చేయమని చుట్టాలు పిలిచారు. ఆయన వెళ్ళలేదు. “ఆయనకు ఈ నీళ్ళు అలవాటై ఉంటాయి” అంది మా శ్రీమతి. మాకు వేరే కారణాలు తెలుసు, కొంత భూమి వ్యవహారం. అయినా ఆవిడ చెప్పినదే బాగున్నదనిపించి ఊరుకున్నాం.

పదకొండున్నరకే గాలి లేచింది. నీటిమీద తెల్లని నురగ కట్టింది. పడవ ఎగిరెగిరి పడుతుంటే చీర అంచు తడిసింది. మేము బల్ల గట్టిగా పట్టుకున్నాం. ఆవిడ మాత్రం ఈసారి మా చెయ్యి పట్టుకోలేదు. కొండలవైపు చూస్తూ కూర్చుంది.

గట్టుమీద ముంజలు అమ్ముతుంటే డజను కొన్నాం. డబ్బిచ్చేటప్పుడు మా శ్రీమతి పడవతన్ని, పక్షులు ఎప్పుడొస్తాయని అడిగింది. కార్తీకం వెళ్ళాక రమ్మన్నాడు.

“అయితే సంక్రాంతికి ముందు వస్తాం. అబ్బాయీ కోడలూ మనవడూ కూడా. అయిదుగురికీ ఎంత తీసుకుంటావు?”

అతను చెప్పిన బేరానికి ఆవిడ ఒప్పుకోలేదు. ఎండలో నిలబడి చాలాసేపే బేరమాడింది.