వార్తల్లో పదం: నెట్‌వర్క్ స్విచ్

మిషన్ భగీరథ మంచినీటి పైపుల కోసం తీసిన కందకాల్లోనే తెలంగాణ ఇంటర్నెట్ పథకమైన టీ-ఫైబర్ తీగకూ చోటిచ్చారు. 2024 డిసెంబరు 8న కొన్ని పల్లెల్లో సేవలు ప్రయోగాత్మకంగా మొదలయ్యాయి. రేపు ఏటూరునాగారంలో గోదావరి ఒడ్డు ఇంటికి ఆ తీగ వస్తే, లోపల టీవీకి, కంప్యూటర్‌కు, సీసీ కెమెరాకు పంచేదెవరు?

రౌటర్ గుమ్మం లాంటిది. ఇంటికీ బయటి ఇంటర్నెట్‌కూ మధ్య రాకపోకలు చూస్తుంది. లోపలి పంపకం స్విచ్‌ది. ప్రతి పరికరానికీ 48 బిట్ల మ్యాక్ అడ్రస్ ఉంటుంది. ఏ అడ్రస్ ఏ పోర్టులో (కేబుల్ గుచ్చే చోటు) ఉందో స్విచ్ గుర్తుపెట్టుకుని, పోస్ట్‌మ్యాన్‌లా ఉత్తరాన్ని ఆ ఇంటికే అందిస్తుంది. పాతకాలపు హబ్ అలా కాదు, వీధివీధికీ దండోరా వేసేది.

స్విచ్‌ను పరికరాలకు కలిపే క్యాట్-6 కేబుల్ తొక్క ఒలిస్తే నాలుగు జతలుగా మెలేసిన ఎనిమిది రాగి తీగలు. కొసన బిగించేటప్పుడు సాధారణంగా మొదట నారింజ చారల తెల్ల తీగ, చివర గోధుమ రంగుది. రెండు కొసల్లోనూ అదే వరుస. పొడవు 100 మీటర్లు దాటకూడదు. పెరటి అవతలి గదికైతే రాగి వద్దు, ఫైబరే మేలు. రాగి పిడుగును కూడా ఇంట్లోకి మోసుకొస్తుంది మరి!

ఒకే కేబుల్ రెండు కొసలనూ ఒకే స్విచ్‌లో గుచ్చారో, నెట్‌వర్క్ మొత్తం స్తంభించిపోవచ్చు.