పుప్పొడి రక్తనాళాలకు కాపలా కాస్తుందా?

విశాఖ కేంద్రంగా నడిచే గిరిజన సహకార సంస్థ తేనె సీసా మీ ఇంట్లో ఉందా? తేనెలో కంటికి ఆనని పుప్పొడి రేణువులూ ఉంటాయి. తేనెటీగలు వెనక కాళ్లకు ముద్దలుగా అంటించుకుని తెచ్చేది ఈ పుప్పొడినే.

మన రక్తనాళాల లోపలి పొర మందం ఒకే ఒక్క కణం! ఒంట్లో పుట్టే దుడుకు ఆక్సిజన్ రూపాలు మితిమీరితే ఆ కణాలు దెబ్బతింటాయి. ఎలాగంటే, సముద్రపు గాలికి తీరంలోని ఊళ్లలో ఇనుప ఊచలు తుప్పు పట్టవూ? జింకు పూసిన బకెట్ మాత్రం తొందరగా తుప్పు పట్టదు. ముందు జింకే కరిగిపోయి ఇనుమును కాస్తుంది. పుప్పొడిలోని క్వెర్సెటిన్ అనే పదార్థం (ఉల్లిపాయలోనూ ఉందిలెండి) కూడా తన ఎలక్ట్రాన్లు ఇచ్చేసి ఆ దుడుకుతనాన్ని చల్లారుస్తుంది.

పుప్పొడి చేసే ఈ పని ఎక్కువగా ప్రయోగశాలలో కణాల మీద, జంతువుల మీద చూసిందే. పుప్పొడి మందు కాదు. పడనివాళ్లకు దద్దుర్లు, ఆయాసం రావచ్చు. డాక్టర్‌ను అడగకుండా నోట్లో వేసుకోకండి.