గోల్ఫ్ బండికి గాలి ఎంత ఉండాలి?

గోల్ఫ్ మైదానంలో ఆటగాళ్లను తిప్పే చిన్న బ్యాటరీ బండిని మీరు చూసే ఉంటారు. చూడకపోయినా ఫరవాలేదు. అదే కోవకు చెందిన బండ్లు మన పెద్ద రైల్వే స్టేషన్లలో వృద్ధులను, హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో సందర్శకులను మోస్తున్నాయి. బండి సగం దారిలో నీరసిస్తే అందరూ ముందు బ్యాటరీనే అనుమానిస్తారు. ఒకసారి టైర్లలో గాలి కూడా చూడండి.

చిన్న లెక్క వేద్దాం. ఇద్దరు మనుషులతో కలిపి బండి బరువు 600 కిలోలనుకోండి. ఒక్కో చక్రానికి సగటున 150 కిలోలు. టైరులో చదరపు అంగుళానికి 20 పౌండ్ల గాలి ఉంటే, అది చదరపు సెంటీమీటరుకు 1.4 కిలోలతో సమానం. 150ని 1.4తో భాగిస్తే 107. అంటే టైరు నేలను తాకేది సుమారు 107 చదరపు సెంటీమీటర్లు, మన అరచేయంత మేర! గాలి 10 పౌండ్లకు పడిపోతే ఈ మేర దాదాపు రెట్టింపవుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ రబ్బరు ఎక్కువగా వంగి, మళ్లీ సాగుతుంది. ఆ పనికి ఖర్చయిన శక్తి వేడిగా పోతుంది. దీనివల్లే దొర్లుడు ఘర్షణ పెరిగి, చార్జి త్వరగా తరిగిపోతుంది.

మరి గాలి బాగా బిగిస్తే? పచ్చిక నలుగుతుంది, బండి కుదుపుతుంది, టైరు నడిమి భాగం ముందు అరుగుతుంది. చాలా గోల్ఫ్ బండ్లకు 18 నుంచి 22 పౌండ్లు సరిపోతాయి. అయినా మీ బండి తయారీదారు చెప్పిన అంకెనే పాటించండి.

టైరు పక్కన 18×8.50–8 అని ఉంటే మొత్తం ఎత్తు 18 అంగుళాలు, వెడల్పు 8.5, రిమ్ము 8 అంగుళాలు అన్నమాట. అందం కోసం 20 అంగుళాల టైరు వేస్తే బండి వేగం 11 శాతం పెరుగుతుంది. కాని ఎత్తు ఎక్కే లాగుడు శక్తి తగ్గుతుంది, బ్రేకుల మీద భారం పెరుగుతుంది. పచ్చికకు లోతు తక్కువ గాడుల వెడల్పు టైరు మేలు. సిమెంటు దారికి రోడ్డు టైరు మంచిది.

గాలిని ఉదయం, బండి కదలకముందే కొలవండి. టైరు 27 డిగ్రీల నుంచి 47 డిగ్రీలకు వేడెక్కితే 20 పౌండ్లు కాస్తా 22 దాటుతాయి. ఎక్కువైందని అప్పుడు గాలి తీయకండి. చల్లారాక తక్కువవుతుంది.

చాలా గోల్ఫ్ బండ్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. ఆ టైర్లు నున్నబడితే తడిసిన వాలు మీద బండి జారుతుంది. గాడులు అరిగినా, పక్కల పగుళ్లు కనిపించినా టైరు మార్చండి. చార్జి మిగలడం సరే, ఎక్కినవాళ్లు క్షేమంగా దిగాలి కదా!