గురుడికి దిష్టిచుక్కలు

పోయిన దసరా సెలవుల్లో అమ్మమ్మకి నా ఫోన్‌లో ఒక ఫోటో చూపించాను. హబుల్ టెలిస్కోప్ 1994 జులైలో తీసిన బృహస్పతి ఫోటో అది. గోధుమరంగు చారల గ్రహం, కింది భాగంలో వరసగా నల్లటి మచ్చలు. కళ్లజోడు సర్దుకుని కాసేపు చూసి, "అదేంటే, గురుడికి దిష్టిచుక్కలు పెట్టారు?" అంది.

నవ్వొచ్చింది. కానీ వివరించడం మొదలుపెట్టాక తెలిసింది, నాకే సగం తెలీదని. మా ఇంట్లో గురుడంటే మామూలు గ్రహం కాదు. అమ్మమ్మది రాజమండ్రి దగ్గర పల్లె. గురుడు సింహరాశిలోకి వస్తే గోదావరికి పుష్కరాలు. 2015లో వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు, రేవులో నా చేత మూడు మునకలు వేయించింది. ఎవరికి పెళ్లి కుదరకపోయినా, ఉద్యోగం రాకపోయినా ఆవిడ లెక్కలో కారణం ఒకటే, గురుబలం లేదు. నేనేమో స్కూల్లో సైన్స్ డే రోజు స్టేజ్ ఎక్కి, "మా అమ్మమ్మ చెప్పేది సైన్స్ ప్రకారం కూడా కరెక్టే, బృహస్పతి తోకచుక్కల్ని తన మీదకి లాక్కుని భూమిని కాపాడుతోంది" అని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నదాన్ని. ఆ చప్పట్లలో సగం వెనక్కి ఇచ్చేద్దామని ఈ వ్యాసం రాస్తున్నా. (చదివింది మొత్తం ఇంగ్లీష్ మీడియం కాబట్టి భాషలో తప్పులుంటే క్లబ్ సీనియర్లు సర్దుకోవాలి.)

ముందు ఆ మచ్చల సంగతి.

1993 మార్చి 23 రాత్రి, కాలిఫోర్నియాలో పాలోమార్ కొండ. యూజీన్ షూమేకర్, ఆయన భార్య కరోలిన్, వాళ్ల స్నేహితుడు డేవిడ్ లెవీ అక్కడి 18 అంగుళాల టెలిస్కోప్‌తో ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా ఫోటోలు తీస్తున్నారు. అన్నీ ఫిల్మ్ మీదే. వాళ్ల ఫిల్మ్ డబ్బాని అంతకుముందు ఎవరో తెరిచేసరికి వెలుతురు తగిలి కొన్ని ఫిల్ములు పాడయ్యాయి. పైగా మబ్బులు. ఇలాంటి రాత్రి మంచి ఫిల్మ్ దండగ చేయడం ఎందుకని షూమేకర్ ఆలోచన. అయితే ఆ పాడైన వాటితోనే తీద్దాం అన్నారు లెవీ. అంచులు నల్లబడినా వాటి మధ్యభాగం బాగానే ఉంది. అలా పారేయాల్సిన ఫిల్మ్ మీద బృహస్పతి దగ్గరి ఆకాశం పడింది.

రెండు రోజుల తర్వాత కరోలిన్ ఆ ఫిల్ముల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తున్నారు. ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఈవిడే. పిల్లలు పెద్దవాళ్లయ్యాక, యాభై దాటాక ఆకాశం పని మొదలుపెట్టి 32 తోకచుక్కల్ని కనిపెట్టారు. ఆ రోజు ఆవిడకి కనబడిన తోకచుక్క మాత్రం పద్ధతిగా లేదు. గుండ్రటి తల, వెనక తోక ఉండాలి కదా. ఇదేమో ఎవరో కాలేసి తొక్కినట్టు అడ్డంగా సాగిపోయి ఉంది. వేరే చోట ఇంకా పెద్ద టెలిస్కోప్‌తో చూస్తే తేలింది, అది ఒక తోకచుక్క కాదు, ఒకే దారిలో వరసగా పోతున్న ముక్కలు. ఆ జట్టు కనిపెట్టిన తొమ్మిదో ఆవర్తన తోకచుక్క కాబట్టి దాని పేరు షూమేకర్-లెవీ 9.

దారి లెక్కగట్టాక ఇంకో వింత బయటపడింది. అది సూర్యుడి చుట్టూ కాదు, బృహస్పతి చుట్టూ తిరుగుతోంది. ఎన్నో ఏళ్ల కిందటే బృహస్పతికి చిక్కింది, 1992 జులై 7న మరీ దగ్గరికి వెళ్లింది. ఎంత దగ్గరంటే, మేఘాల పైన దాని ఎత్తు బృహస్పతి వ్యాసార్థం కన్నా తక్కువ. అప్పుడే విరిగింది.

గుద్దుకోకుండా ఎలా విరిగింది? గురుత్వాకర్షణ దూరాన్ని బట్టి తగ్గుతుంది. తోకచుక్కలో బృహస్పతి వైపున్న భాగాన్ని ఎక్కువ బలం లాగుతుంది, అటు వైపు భాగాన్ని తక్కువ. రెండింటి తేడా దాన్ని సాగదీస్తుంది. సముద్రానికి ఆటుపోట్లు తెచ్చేది కూడా ఈ తేడానే. గట్టి రాయి అయితే తట్టుకునేది. తోకచుక్క గట్టి రాయి కాదు, మంచు, దుమ్ము వదులుగా అతుక్కున్న ముద్ద. నెయ్యి తక్కువైన సున్నుండని ఊహించుకోండి. చేత్తో ఎత్తేటప్పటికే విడిపోతుంది. అసలు తోకచుక్క ఓ ఒకటిన్నర, రెండు కిలోమీటర్ల వెడల్పు ఉండి ఉంటుందని అంచనా.

నమ్మకం కుదరక నేను పైథాన్‌లో రెండొందల చుక్కల్ని గురుత్వాకర్షణతో మాత్రమే కలిపి ఒక సిమ్యులేషన్ రాశాను. మొదటిసారి టైమ్ స్టెప్ పెద్దది పెట్టడంతో చుక్కలన్నీ సౌరకుటుంబం దాటి ఎగిరిపోయాయి. స్టెప్ తగ్గించాక, రాత్రి రెండింటికి, హాస్టల్ మంచం మీద, ఆ ముద్ద బృహస్పతి పక్కనుంచి వెళ్లి నెమ్మదిగా దండలా సాగడం చూశాను. దండ అలాగే ఉండలేదు. పక్కపక్క చుక్కలు ఒకదాన్నొకటి లాక్కుని మళ్లీ చిన్న చిన్న ఉండలయ్యాయి. కరోలిన్ చూసిన గీత ఇదేనన్నమాట. ఆ సెమ్‌లో నేను రాసిన కోడ్‌లో ఇది ఒక్కటే నాకు ఇష్టమైనది, దీనికి మార్కులు లేవు.

1993 మే 22న బ్రయన్ మార్స్‌డెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త పిడుగులాంటి వార్త ప్రకటించారు. వచ్చే ఏడాది జులైలో ఈ ముక్కలు బృహస్పతి మీద పడతాయని. సౌరకుటుంబంలో రెండు వస్తువులు గుద్దుకోవడాన్ని మనుషులు అంతవరకు నేరుగా చూసింది లేదు. చంద్రుడి మీద గుంటలు చూసి, ఎప్పుడో ఏదో పడిందని చెప్పుకోవడమే. యూజీన్ షూమేకర్ జీవితమంతా చేసిన పని కూడా అదే. అరిజోనాలో ఉన్న పెద్ద గొయ్యి అగ్నిపర్వతం వల్ల కాదు, ఉల్క పడి ఏర్పడిందని నిరూపించింది ఆయనే. గుంటలు చదివే మనిషికి గుంట పడే క్షణం, తేదీతో సహా, ముందే తెలిసింది.

అయినా ఏమీ కనబడదేమో అనే భయం బలంగానే ఉంది. అంత పెద్ద గ్రహం, ఇంత చిన్న ముక్కలు. పైగా పడే చోటు మనకి కనబడని వైపు, అంచుకి కాస్త అవతల. సరిగ్గా ఆ వారమే నేచర్ పత్రికలో ఇది తుస్సుమనబోతోందని ఒక వ్యాసం వచ్చింది.

1994 జులై 16న మొదటి ముక్క పడింది. ముక్కలకి ఇంగ్లీష్ అక్షరాల పేర్లు పెట్టారు, ఇది ఏ. షూమేకర్ దంపతులూ లెవీ బాల్టిమోర్‌లో విలేఖరులతో మాట్లాడుతుంటే, హబుల్ జట్టు నుంచి హైడీ హామెల్ ఫోటోలు, షాంపేన్ సీసా పట్టుకుని వచ్చేశారు. అంచు దాటి పైకి లేచిన మంటల బుడగ హబుల్‌కి దొరికింది. దాని ఎత్తు దాదాపు 3000 కిలోమీటర్లు. దారిలో ఉన్న గెలీలియో వ్యోమనౌక 24 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచే ఆ అవతలి వైపుని నేరుగా చూసింది. ఆ మంటల ఉష్ణోగ్రత అది కొలిచేసరికి సుమారు 24,000 కెల్విన్, అంటే సూర్యుడి ఉపరితలం కన్నా నాలుగు రెట్లు.

వాయుగ్రహానికి నేల ఉండదు కదా, మరి దేనికి గుద్దుకుంది అని మీకూ అనిపించొచ్చు, నాకూ అనిపించింది. ఈత బావిలోకి పొట్ట ఆనేలా దూకినవాళ్లకి జవాబు తెలుసు. వేగంగా వెళ్తే నీళ్లూ గోడే. ఈ ముక్కల వేగం సెకనుకి 60 కిలోమీటర్లు. ఆ వేగంతో హైదరాబాద్ నుంచి విజయవాడకి ఐదు సెకన్లు పట్టదు. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఇంటర్‌లో నేర్చుకున్న ఫార్ములాలో వేస్తే, ఒక కిలో మంచుగడ్డ ఆ వేగంతో తగిలితే 430 కిలోల టీఎన్‌టీ పేలినట్టు. ముక్క మేఘాల్లోకి దిగి, గాలి ఒత్తిడికి నలిగి పేలిపోతుంది. వేడి వాయువు తను వచ్చిన సొరంగంలోంచే పైకి తన్నుకొస్తుంది, మళ్లీ కిందకి పడుతుంది. పడి పరుచుకున్న మసిలాంటి పొడే ఆ నల్ల మచ్చలు.

ఆరు రోజుల్లో ఇరవైకి పైగా ముక్కలు. అన్నింట్లో పెద్ద దెబ్బ జులై 18న జీ ముక్కది. అంచనా 60 లక్షల మెగాటన్నులు. దాని మచ్చ దాదాపు 12,000 కిలోమీటర్ల వెడల్పు, అంటే భూమంత దిష్టిచుక్క. చిన్న టెలిస్కోప్ ఉన్న పిల్లలకి కూడా కనబడింది. మన బ్రాంచ్ వాళ్లకి ఇంకో ముచ్చట: అప్పటికి నెట్‌స్కేప్ కూడా రాలేదు, అయినా ఫోటోలు గంటల్లో వెబ్‌లోకి వచ్చేశాయి. జనం వెబ్ కోసం ఎగబడిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

మచ్చలు కొన్ని నెలల్లో చెదిరిపోయాయి. లోపలికి వెళ్లింది మాత్రం పోలేదు. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత, 2013లో, హెర్షెల్ టెలిస్కోప్ సమాచారం చూసినవాళ్లు బృహస్పతి పై వాతావరణంలో ఉన్న నీటిలో 95 శాతం ఈ తోకచుక్క తెచ్చిందేనని తేల్చారు. యూజీన్ అది చూడలేదు. 1997 జులై 18న, జీ ముక్క పడి సరిగ్గా మూడేళ్లకి, ఆస్ట్రేలియాలో ఉల్కల గుంటలు వెతుకుతూ కారు ప్రమాదంలో పోయారు. ఆయన చితాభస్మం కొంత లూనార్ ప్రాస్పెక్టర్ నౌకలో చంద్రుడికి చేరింది.

ఇక నా చప్పట్ల విషయం. ఇదంతా చూశాక బృహస్పతి మన కవచం అనిపించడం సహజం. ఆ ముక్కలు మన మీద పడితే? నా సైన్స్ డే ఉపన్యాసం అక్కడే ఆగిపోయింది. ఒక అడుగు ముందుకేసి ఉంటే లెక్సెల్ తోకచుక్క తగిలేది. 1770లో అది భూమికి సుమారు 22 లక్షల కిలోమీటర్ల దగ్గరికి వచ్చింది, అంటే చంద్రుడి దూరానికి ఆరు రెట్లు. తోకచుక్కలకి అది గుమ్మం ముందే. దాన్ని ఇటు తోసింది ఎవరు? బృహస్పతే. 1767లో దాని పక్కనుంచి వెళ్లడం వల్లే దారి మారి మన వైపు తిరిగింది. 1779లో మళ్లీ బృహస్పతి దగ్గరికి వెళ్తే, ఈసారి ఎటో విసిరేసింది. ఇప్పటిదాకా మళ్లీ కనబడలేదు.

జోనథన్ హార్నర్, బారీ జోన్స్ అనే ఇద్దరు దీన్ని కంప్యూటర్లో పరీక్షించారు, నా రెండొందల చుక్కలతో కాదు లెండి, చాలా పెద్ద ఎత్తున. తక్కువ కాలంలో సూర్యుడి చుట్టూ తిరిగే తోకచుక్కల వరకు చూస్తే, బృహస్పతి ఉన్నా, అసలు లేకపోయినా భూమికి తగిలే దెబ్బలు పెద్దగా మారలేదు. బృహస్పతి ఇప్పటి బరువులో ఐదో వంతే ఉంటే మాత్రం దెబ్బలు బాగా పెరిగాయి. ఇటు తోయడానికి ఆ బరువు చాలు, బయటికి విసిరేయడానికి చాలదు. అంటే గురుడు కాపాడటమూ లేదు, పగబట్టడమూ లేదు. దారిలో వచ్చినదాన్ని వంచుతాడు, అంతే. అది అమ్మమ్మకి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ స్కూల్లో చప్పట్లు కొట్టినోళ్లకి చెప్పావా?" అని అడిగింది. లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మచ్చలు మాత్రం ఇంకా పడుతూనే ఉన్నాయి. 2009 జులై 19న ఆంథొనీ వెస్లీ అనే ఆస్ట్రేలియా ఔత్సాహికుడు తన ఇంటి టెలిస్కోప్‌లో బృహస్పతి మీద కొత్త నల్ల మచ్చ చూశాడు. అదీ పసిఫిక్ మహాసముద్రమంత. ఈసారి ఏ లెక్కా ముందు చెప్పలేదు. మరుసటి ఏడాది జూన్‌లో ఆయనకే రెండు సెకన్ల మెరుపు దొరికింది, అదే క్షణంలో ఫిలిప్పీన్స్ నుంచి క్రిస్టఫర్ గో కెమెరాకి కూడా. దానికి మచ్చ కూడా మిగల్లేదు. ఆ తర్వాతా ఇలాంటి మెరుపులు ఇళ్ల మీద నుంచి చూసేవాళ్లకే ఎక్కువ దొరికాయి. పెద్ద టెలిస్కోపులకి వేరే పనులుంటాయి, రోజూ గురుడి వైపే చూస్తూ కూర్చోవు కదా.

ఇప్పుడు అమ్మమ్మ ఫోన్ చేసినప్పుడల్లా, అన్నం తిన్నావా అని అడిగాక, గురుడికి కొత్త చుక్కేమైనా పెట్టారా అంటుంది. ఇంకా లేదు అమ్మమ్మా.