పట్టణవనములు – ప్రజల యెఱుక

పల్లెయందలి చెఱువు సంగతి యెల్లరకును దెలియును. కాకుమానులో కాలువకు నీరు వచ్చినదో లేదో రచ్చబండపై గూర్చున్నవాడే చెప్పగలడు. మహాపట్టణమునందట్లు గాదు. ఇండ్లనడుమ మిగిలియున్న యడవిని, చెఱువును అచ్చటి ప్రజలెంతవఱకెఱిగియున్నారో తెలిసికొనుట కష్టము. ఇంటింటికిని బోయి యడుగుటకు ధనమును గాలమును వలయును. కావున నీ దినములలో పరిశోధకులు మఱియొక మార్గమును గూడ నవలంబించుచున్నారు. జనులు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ మున్నగు సామాజిక మాధ్యమములలో తమంతట దామే వ్రాయు మాటలను, ఉంచు ఛాయాపటములను బట్టి వారి యెఱుకను గొలుచుటయే యా మార్గము.

ఈ కొలతకు మూడు మెట్లు కలవు. మొదట నొక స్థలమునకు జనులు వాడు పేరులన్నిటిని గుర్తించి, యా పేరులుగల వ్రాతలను బ్రోగుచేయుదురు. పిమ్మట నవి యే నెలలో నెన్ని వచ్చినవో లెక్కింతురు. తుదకు వానిని జదివి, పక్షులను గూర్చినవెన్ని, వాహ్యాళికి వచ్చినవారివెన్ని, ఫిర్యాదులెన్ని యని వేఱుపఱతురు. వ్రాసినవారి పేరులను వెల్లడిచేయకుండుట మర్యాద. 2013లో బ్రకటింపబడిన యొక పరిశోధనలో, ప్రపంచమునందలి 836 విహారస్థలములలో దీయబడి ఫ్లికర్‌లో నుంచబడిన ఛాయాపటములను సందర్శకుల లెక్కలతో బోల్చి చూచిరి. పటములు హెచ్చుగానున్న స్థలములకు సందర్శకులును సాధారణముగా హెచ్చుగనే యుండిరి. కావున నీ కొలత నిరాధారమైనది కాదు.

అయినను దీని కొఱతలనుగూడ నెఱుగవలయును. హైదరాబాదులో పూర్వపు గుంటూరు జిల్లావాడైన ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డిగారి పేర నొక వనము కలదు. 1998లో నది జాతీయవనముగా బ్రకటింపబడెను. దానికి పేరును, ద్వారమును, నిత్యము నడచువారును గలరు. కావున దానిని గూర్చిన వ్రాతలు సులభముగా దొరకును. ఆ నగరముననే విశ్వవిద్యాలయమును జేరియున్న కంచ గచ్చిబౌలి భూమి సంగతి వేఱు. దేశమున బెక్కుమంది దాని పేరైన వినియుండలేదు. 2025 మార్చి కడపటి దినములలో అచ్చటి 400 ఎకరములను జదును చేయుటకు యంత్రములు వచ్చెను. విద్యార్థులు ఫోనులతో దీసిన దృశ్యములు కొలది దినములలో దేశమంతట వ్యాపించెను. ఏప్రిలు 3వ తేదీన సుప్రీంకోర్టు చెట్లు నఱకుటను నిలిపివేసెను.

ఇందు రెండు పాఠములు కలవు. ఆ దృశ్యముల నడుమ, కృత్రిమ మేధచే గల్పింపబడిన లేళ్ల, నెమళ్ల చిత్తరువులును వ్యాపించెను. వానినిగూడ లెక్కలో జేర్చినచో కొలత తప్పును. మఱియు, ఒక వారము చెలరేగిన సంక్షోభము వేఱు, నిలుకడయైన యెఱుక వేఱు. యంత్రములు రాకమునుపు ఆ స్థలమును గూర్చి యెంతమంది వ్రాసిరి, కలకలమడగిన పిమ్మట నెంతమంది వ్రాయుచున్నారు అని చూచినగాని నిజము తేలదు.

మూడవ కొఱత మౌనము. గుంటూరు చెంతనున్న ఉప్పలపాడు చెఱువులలో గూడబాతులు, ఎఱ్ఱకాళ్ల కొంగలు గూళ్లు గట్టుకొనును. చేతిఫోనులు రాకమునుపే యా గ్రామస్థులు వానిని కాపాడుకొనిరి. పసులకాపరియు, తోటమాలియు మాధ్యమములలో వ్రాయకపోవచ్చును. వారి యెఱుక మాత్రము తక్కువది కాదు. అందుచేత మాధ్యమముల లెక్కతోపాటు మనుష్యులను ముఖాముఖి నడుగుటయు నవసరము.

విద్యార్థులారా! ఎవ్వరు నెఱుగని భూమిని బోగొట్టుకొనుట సులభము. సెలవులలో మీరు గుంటూరికో, తెనాలికో పోయినపుడు అచ్చటి యొక చెఱువును, లేక యొక తోటను గూర్చి మాధ్యమములలో నెన్ని వ్రాతలున్నవో లెక్కింపుడు. పిమ్మట దాని గట్టున బదిమందిని పలుకరించి, దాని పేరేమో, అందేమేమి జీవించునో యడుగుడు. ఆ రెండు లెక్కలకును గల వ్యత్యాసమే మీకు గొప్ప పాఠము కాగలదు.